ఇరవైకి ఇరవై ఏడు మార్కుల గోధుమ

రెండు గోధుమ రకాలని కలిపి కొత్త వంగడం పుట్టించడంలో నన్ను మించినవాడు ఈ దేశంలో లేడు. ఇది నా సొంత డబ్బా కాదు. కావాలంటే మా పరిశోధన కేంద్రం గేటు దగ్గరికి వచ్చి చూడండి. పెద్ద ఫ్లెక్సీ మీద నేను చేతులు కట్టుకుని నిలబడి ఉంటాను. తల చుట్టూ గోధుమ కంకులు, వెనక సూర్యోదయం, కింద బంగారు రంగు అక్షరాల్లో "అమృతహస్తుడు శ్రావణ్". నేను చేసిన సంకరం ఇప్పటిదాకా ఒక్కటి కూడా విఫలం కాలేదు.

కాకపోవడానికి కారణం ఉంది. ఇప్పటిదాకా నేను ఒక్క సంకరం కూడా చెయ్యలేదు.

మా కేంద్రం ఆదిలాబాద్ దాటాక మహారాష్ట్ర వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. బన్సీ గోధుమ మీద పరిశోధన మా పని. మీరు ఉప్మా చేసుకునే బన్సీ రవ్వ ఈ గోధుమదే. నేనక్కడ కాంట్రాక్టు టెక్నికల్ అసిస్టెంటుని. మడుల మధ్య తిరుగుతూ, మొక్కల ఎత్తు కొలుస్తూ, ఎవరైనా పై అధికారి వస్తే కొలుస్తున్నట్టు ఇంకొంచెం వంగుతూ బతుకుతున్నాను. అప్పుడు మా కేంద్రానికి అధిపతిగా డాక్టర్ కొల్లిపర మార్కండేయులు గారు వచ్చారు.

సార్ వచ్చిన రోజే మీటింగ్ పెట్టారు.

"మిత్రులారా! మనం ఇంతకాలం పొలాన్ని నమ్మాం. అసలు పొలమంటే ఏమిటి? ఎండా, వానా, పురుగూ, పిట్టా కలిసి మన శాస్త్రంలో చేసుకునే అనధికారిక జోక్యం. ఇకమీదట మనం జన్యువుని మాత్రమే నమ్ముతాం. ఎక్కడ శుభ యుగ్మవికల్పం ఉంటుందో, అక్కడ దిగుబడి తప్పనిసరి."

నా పక్కన కూర్చున్న రుక్సానా మేడం మా ల్యాబ్ శాస్త్రవేత్త. "మేడం, గా యుగ్మవికల్పం ఏంది?" అని చెవిలో అడిగాను.

"ఒక్క జన్యువుకే రకరకాల రూపాలుంటయిరా. ఒక రూపముంటే గింజ బరువైతది, ఇంకోటుంటే సన్నగైతది. మేలు చేసే రూపాలు ఏ మొక్కల ఎన్నున్నయో చూసి, గట్లాంటి వాటిని కలుపుకుంట పోవాలె. మంచి పనే. పదేండ్లు పడుతది."

"సార్‌కి తెలుసా పదేండ్లని?"

"సార్ రిటైర్మెంట్ ఏడాదిన్నర్ల ఉంది" అంది మేడం.

అందుకని సార్ దారి దగ్గర చేశారు. మేలు చేసే రూపాలు ఇరవై అని నిర్ణయించారు. ఏ రకంలో ఎన్ని ఉంటే దానికి అన్ని మార్కులు. వీటికి శుభాంకం అని పేరు పెట్టారు. ఆ మార్కుల్ని బట్టి ఎకరానికి దిగుబడి ఎంతో లెక్కకట్టి, విత్తనం వెయ్యకముందే ప్రకటించేవారు. శుభాంకం ఎక్కువున్న రకాలకి రోడ్డు పక్క మడులు, రంగు బోర్డులు ఇచ్చారు. తక్కువున్నవాటిని పశువుల కొట్టం వెనక్కి పంపారు. తర్వాత సిబ్బందికి కూడా శుభాంకం ఇవ్వాలన్నారు. అమ్మా నాన్నల గుణగణాలు చెప్పమన్నారు, కలిపి మార్కులేశారు. మా నాన్న గురకపెట్టడు, మా అమ్మ కోపిష్టి కాదు అని నేను రెండబద్ధాలు ఆడి పద్నాలుగు సంపాదించాను. అప్పటినుంచి నాకు టీ రెండో వరసలో వచ్చేది. మూడో వరస వాళ్ళకి అల్లం లేని టీ.

జన్యువుల్ని పరీక్షించే మిషన్ కూడా ఒకటి ఉందండోయ్. సార్ రాకముందే వచ్చింది. కాకపోతే దాన్ని ఇంకా ఎవరూ ప్రారంభించలేదు. ఎర్ర రిబ్బను కట్టి, మీద దుప్పటి కప్పి, రోజూ ఊదుబత్తి వెలిగించేవాళ్ళం. పెద్దాఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా ముట్టుకోకూడదని సార్ ఆర్డరు. పాత రకాల వివరాలు ఎప్పుడో బయట ల్యాబులో చేయించినవి ఉన్నాయి కాబట్టి వాటితోనే బండి నడిచింది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను.

గోధుమ పువ్వు మహా సిగ్గరి. తలుపేసుకుని తనలో తనే గింజ కట్టేసుకుంటుంది. దాన్ని ఇంకో రకంతో కలపాలంటే, పువ్వు పండకముందే సన్న చిమటాతో విప్పి, లోపలున్న మూడు పుప్పొడి తిత్తుల్నీ తీసెయ్యాలి. ఒక్కటి మిగిలినా పని చెడినట్టే. తీశాక కంకికి కాగితం సంచి తొడిగి, రెండు మూడు రోజులాగి, తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి అందులో దులపాలి. ఒక్కో కంకికి ఇరవై ముప్పై పువ్వులు. మెడ పట్టేస్తుంది, కళ్ళు లాగేస్తాయి. ఇంత చేసినా సగం పువ్వులు గింజ కట్టవు.

ఆ జనవరిలో సార్ నన్ను పిలిచి, పక్కూరి నుంచి తెచ్చిన నాటు బన్సీని తల్లిగా, విదేశం నుంచి వచ్చిన పొట్టి రకాన్ని తండ్రిగా పెట్టి సంకరం చెయ్యమన్నారు. అప్పుడు క్రికెట్ సిరీస్ నడుస్తోంది. నాకో చిలిపి ఆలోచన వచ్చింది. తిత్తులు తియ్యను, పుప్పొడి దులపను. ఉన్న కంకులకి ఉన్నట్టు సంచులు తొడిగి, చీటీలు కట్టి వదిలేస్తాను. సార్ ఎన్ని రోజులకి కనిపెడతారో చూద్దాం. కనిపెట్టగానే నవ్వేసి, మళ్ళీ సరిగ్గా చేద్దామనుకున్నాను. సిరీస్ కూడా అయిపోతుంది.

మర్నాడు సార్ వచ్చి మడంతా తెల్లగా సంచులతో మెరవడం చూశారు. ఫొటో తీసుకున్నారు. "ఒక్క వరసేనా? మొత్తం మడికి తొడుగు" అన్నారు. తొడిగాను. సంచులు అయిపోతే స్వీటు షాపు కవర్లు తొడిగాను. కొన్ని కంకుల మీద "శుభాకాంక్షలతో" అని కూడా ఉంది. సార్‌కి అది నచ్చింది.

మార్చిలో సంచులు విప్పాం. ఎవరూ ముట్టుకోని పువ్వులు కదా, ప్రతి కంకీ మొదటినుంచి చివరిదాకా పళ్ళ వరసలా నిండుగా గింజ కట్టింది. సార్ ఒక కంకిని అరచేతిలో పెట్టుకుని గింజలు లెక్కపెట్టారు.

"శ్రావణ్, నా సర్వీసులో సంకరం చేసిన కంకి సగం నిండితే గొప్ప. ఇది పూర్తిగా నిండింది. అంటే ఏమిటి?"

చెప్పెయ్యడానికి ఇదే సమయమనుకుని నోరు తెరిచాను. "సార్, అది..."

"హస్తవాసి!" అన్నారు సార్. "వైద్యుడికి ఉంటుంది, పురోహితుడికి ఉంటుంది. టెక్నికల్ అసిస్టెంటుకి ఉండగా చూడటం నాకిదే మొదటిసారి."

నేను తెరిచిన నోరు అలాగే మూశాను. మీరైనా మూస్తారు. అంతకుముందు నన్నెవరూ దేనికీ పొగడలేదు. ఆ రోజు నాకు మొదటి వరసలో టీ వచ్చింది. అల్లం, యాలకులు, పక్కన ఉస్మానియా బిస్కెట్.

రుక్సానా మేడం మాత్రం ఆ కంకిని తిప్పి తిప్పి చూసి, నావైపు చూసింది. "ఒక్క పువ్వు కూడ తాలు పోలేదారా?"

"హస్తవాసి మేడం" అన్నాను సిగ్గుపడుతూ.

తర్వాత మార్కుల కార్యక్రమం.

"మేడం, తల్లికి ఇరవైలో ఎన్ని?"

"పదకొండు సార్."

"తండ్రికి?"

"పదహారు."

"పదకొండూ పదహారూ ఇరవై ఏడు. రాయండి."

"సార్, మొత్తం ఉన్నయే ఇరవై. ఇద్దరిట్ల ఉన్నయి కొన్ని ఒక్కటే. అయినా పిల్లల్ల ఏమొచ్చిందో పరీక్ష చేస్తే గాని..."

"ఇరవైకి ఇరవై ఏడు! శుభం తన పరిమితిని తానే అధిగమించడం అంటే ఇదే." సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దీనికి శుభ-27 అని నామకరణం చేస్తున్నాను. మళ్ళీ పరీక్షలు పెట్టి దీన్ని అవమానించవద్దు."

ఆ వారంలోనే పద్నాలుగో మడి గొడవ జరిగింది. రోడ్డు పక్కన, పద్దెనిమిది మార్కులున్న రకం వేసిన మడి అది. ప్రకటించిన దిగుబడిలో మూడో వంతు కూడా రాలేదు. మార్కులు తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి తప్పు మడిదేనని తేలింది. సార్ దానికి మెమో ఇచ్చారు. ఆఫీసు సూపరింటెండెంటు గట్టు మీద నిలబడి గొంతు సవరించుకుని చదివాడు: "తమరు కేంద్రంచే నిర్ధారితమైన దిగుబడిని ఉద్దేశపూర్వకముగా ఇవ్వకపోవుటకు గల కారణములను ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలసినది." చదివి, మెమోని ఒక కర్రకి గుచ్చి, మడిలో పాతాడు. రసీదు కింద ఒక మట్టిపెళ్ళ తీసుకుపోయి ఫైల్లో పెట్టాడు.

ఏడు రోజులైనా మడి జవాబివ్వలేదు. సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్న మడికి నీళ్ళు పెట్టకూడదు కదా, గట్టు మీది గడ్డితో సహా ఎండిపోయింది. "చూశారా, నేరాన్ని అంగీకరించింది" అన్నారు సార్. దాంతో అసలు కోతలే అనవసరమని, శుభాంకం చెప్పాక మళ్ళీ గింజ తూచడం శాస్త్రాన్ని శంకించడమేనని ఇంకో ఆర్డరు వచ్చింది. మిగతా మడులు కోసేవాళ్ళు లేక పిట్టల పాలయ్యాయి. ఆ ఏడాది మా జిల్లాలో పిచ్చుకలు నడవలేక నడిచాయి.

ఇదంతా చూసి నేను నవ్వుకునేవాణ్ణి. ఎంత బాగా నవ్వుకున్నానంటే, ఇందులో నా వాటా ఎంతో మర్చిపోయాను.

ఆ నాటు బన్సీ విత్తనం ఎక్కడిదో చెప్పాను కదా, పక్కూరిదని. ఇచ్చింది పెందూర్ లచ్చుబాయి పెద్దమ్మ. మూడెకరాల నల్లరేగడి. బోరు లేదు. వానాకాలం పోయాక నేలలో మిగిలిన పదును మీదే బన్సీ చల్లుతుంది. ఆ పదును ఆరకముందే చల్లాలి. ఆ చుట్టుపక్కల అందరూ సోయాకి, పత్తికి పోయినా ఆమె మాత్రం ప్రతి ఏడూ రెండు సంచుల విత్తనం వేపాకు వేసి దాచుకుంటుంది.

వానాకాలంలో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. చాయ్ ఇచ్చింది. చాయ్ ఇచ్చినవాళ్ళకి గొప్పలు చెప్పడం నా బలహీనత.

"పెద్దమ్మా, నీ బన్సీకి నేను విదేశం పొట్టోనితోని లగ్గం చేసిన. పిల్ల ఎట్లున్నదనుకున్నవ్? ఇరవైకి ఇరవై ఏడు!"

"గట్లెట్లొస్తయి బిడ్డా, ఇరవైకి ఇరవై ఏడు?"

"నా చెయ్యి అసుంటిది."

ఆమె నా చేతిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మెత్తగున్నది. పని చేసిన చెయ్యి లెక్క లేదు."

"గదే మరి. మెత్త చేతుల్నుంచే మంచి విత్తనమొస్తది. రేపు గది ఏస్తే పంట రెట్టింపు. నా మాట మీద ఏసుకో."

"నిజంగ రెట్టింపా?"

"నీ మీదొట్టు పెద్దమ్మా."

ఆమె నవ్వి, ఇంకో సగం గ్లాసు చాయ్ పోసింది. ఊళ్ళో అందరికీ కూడా చెప్పిందని తర్వాత తెలిసింది. నన్ను కాదు, నా చేతిని నమ్మమందట.

నవంబరులో సార్ అసలు పథకం బయటపెట్టారు. పేరు "అశుభ బీజ నిర్మూలన". శుభ-27 తీసుకునే రైతు తన దగ్గరున్న పాత విత్తనమంతా కేంద్రానికి అప్పగించాలి. అది ఊళ్ళో ఉంటే కొత్తదాని శుభం తగ్గుతుందట. అప్పగించిన పాత విత్తనం అదే రోజు లారీలో రవ్వ మిల్లుకి పోతుంది. బదులుగా రైతుకి ఒక టీ గ్లాసు నిండా శుభ-27.

"సార్, ఎకరానికి నలభై కిలోలు చల్లాలె గదా?" అన్నాను.

"అది సామాన్య విత్తనానికి, శ్రావణ్. శుభాంకం పెరిగేకొద్దీ విత్తన పరిమాణం తగ్గాలి. ఇరవై ఏడు మార్కుల గింజ ఒక్కటి వంద గింజల బాధ్యత నిర్వర్తిస్తుంది. నిజానికి గ్లాసు కూడా ఎక్కువే. రైతు సోదరుల మనస్తృప్తి కోసం ఇస్తున్నాం."

అంటే లచ్చుబాయి పెద్దమ్మ రెండు సంచుల విత్తనం ఇచ్చేస్తుంది. మూడెకరాల్లో చల్లడానికి ఒక గ్లాసు గింజలు తీసుకుపోతుంది. ఆ గ్లాసులో ఉన్నది కూడా ఆమె బన్సీయే. తండ్రి ముఖం చూడని గింజలు. ఈ ఏడు ఆమె పొలం బీడు, వచ్చే ఏడు విత్తనం లేదు.

నేను ఆ రాత్రంతా నిద్రపోలేదని చెప్తే బాగుంటుంది గానీ, పడుకున్నాను. పొద్దున లేచి ఏదో ఒకటి చేద్దాంలే అనుకున్నాను. పొద్దున్నే ఫ్లెక్సీ వాడు ఫొటోకి వచ్చాడు. నవ్వమన్నాడు, నవ్వాను.

విత్తన మార్పిడి రోజు రానే వచ్చింది. షామియానా వేశారు. మిషన్ రిబ్బను కత్తిరించడానికి హైదరాబాద్ నుంచి పెద్దాఫీసరు గారు వచ్చారు. వేదిక మీద పూలకుండీలకి బదులు, ఏసీ గదిలో పెంచిన గోధుమ కుండీలు, కంకులతో సహా పెట్టారు. షామియానా పక్కనే లారీ. రైతులు సంచులు దించుకుంటున్నారు, హమాలీలు లారీకెక్కిస్తున్నారు. లచ్చుబాయి పెద్దమ్మ రెండు సంచులు కూడా ఎక్కాయి. ఆమె నన్ను చూసి చెయ్యూపింది. నేను ఒక కుండీ వెనక్కి జరిగాను.

రిబ్బను కత్తిరించగానే రుక్సానా మేడం మిషన్‌ని అక్కడికక్కడే పనిలోకి దించింది. శుభ-27 మొలకల ఆకులు పొద్దున్నే తెచ్చి నూరి సిద్ధంగా పెట్టుకుందట. రిబ్బను కోసమే కాచుకుని ఉంది. ఉపన్యాసాలు సాగి సాగి, భోజనాలయ్యేసరికి ఫలితం పెద్ద తెర మీద పడింది.

మేడం మైకు తీసుకుంది. "ఈ మూల ఎర్ర చుక్కలు తల్లివి. ఆ మూల నీలం చుక్కలు తండ్రివి. పిల్లలు ఇద్దరికీ పుట్టినయైతే, వాటి చుక్కలు నడుమ పడాలె." తెర నడిమికి వేలు చూపించింది. "నడుమ ఒక్కటి లేదు. పిల్లలన్నీ పోయి తల్లి మీదనే కూసున్నయి. గా పొట్టి రకం వీటికి తండ్రే కాదు."

నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయిపోయింది, పట్టుబడ్డాను, ఒకందుకు మంచిదే అనుకున్నాను.

మార్కండేయులు గారు నెమ్మదిగా లేచి మైకు అందుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"మాతృభక్తి!" అన్నారు. "అయ్యా, ఇది మాతృభక్తి! విదేశీ జన్యువు ఎంత బలంగా వచ్చినా, మన బన్సీ బిడ్డ తల్లి ఒడిని వదల్లేదు. తండ్రి శుభాలు వినయంతో కంటికి కనిపించకుండా ఉన్నాయి. మన సంస్కృతి జన్యుస్థాయిలో రుజువైన శుభ ఘడియ ఇది. శుభాంకం ఇరవై ఏడు నుంచి ముప్పైకి పెంచుతున్నాను!"

పెద్దాఫీసరు గారు మొదట చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. మేడం మైకు కోసం చెయ్యి చాచింది, సార్ ఇవ్వలేదు.

నేను బయటపడ్డాను. నిజం తెర మీద అంత పెద్ద చుక్కలుగా పడినా బయటపడ్డాను. ఇంతకన్నా అదృష్టవంతుడు ఎవడుంటాడు? ఒక పక్క గుండె తేలికపడుతుంటే, ఇంకో పక్క లారీ వెనక తలుపు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు అమృతహస్తుడు శ్రావణ్ రైతు సోదరులతో ముచ్చటిస్తాడు" అన్నారు సార్.

మైకు నా చేతికొచ్చింది. ముందు వరసలో లచ్చుబాయి పెద్దమ్మ లేచి నిలబడింది. చేతిలో టీ గ్లాసు, దాని మీద చెంగు కప్పి పట్టుకుంది, గింజ ఒలికిపోకుండా.

"బిడ్డా, గ్లాసెడు గింజలు మూడెకరాలల్ల ఎట్ల చల్లాలె? పదును ఇంకో నాలుగొద్దులే ఉంటది. జర చెప్పు, గట్లనే చేస్త."

నేను శాస్త్రీయంగా దగ్గాను. "పెద్దమ్మా, చల్లుడు గాదు... ఒక్కో గింజ... జర దూరం దూరం..."

"ఎంత దూరం?"

"అంటే... బారెడు... రెండు బారలు..."

"రెండు బారలకొక్క గింజనా?" ఆమె నవ్వలేదు. నేనేదో తనకి అర్థంకాని పెద్ద సంగతి చెప్తున్నానన్నట్టు తలూపింది. "సరే బిడ్డా. మనుమరాలిని తోలుకపోయి నాటుత."

అప్పుడు రుక్సానా మేడం వేదికెక్కింది. ఒక కుండీని నా ముందుకు జరిపి, చిమటా నా చేతిలో పెట్టింది.

"దూరం సంగతి తర్వాత. ముందుగాల నీ హస్తవాసి చూపియ్యిరా. ఒక్క పువ్వు. విప్పి మూడు తిత్తులు తియ్యి. రైతులు చూస్తరు."

"అద్భుతం! ప్రత్యక్ష ప్రదర్శన!" అన్నారు సార్, కుర్చీ ముందుకు లాక్కుంటూ. ఫొటోగ్రాఫరు దగ్గరికొచ్చాడు. కెమెరా వాడు నా చేతుల్ని పెద్ద తెర మీదికి ఎక్కించాడు.

పువ్వు ఎటునుంచి విప్పాలో నాకు గుర్తులేదు. కాలేజీలో ఒక్కసారి చేశాను, అప్పుడు కూడా పక్కవాడి చేత చేయించాను. చిమటా గుచ్చాను. తెర మీద నా వేళ్ళు అరటిపళ్ళంత కనిపించాయి. ఇంకొంచెం నొక్కాను. కంకి మెడ దగ్గర పుటుక్కున విరిగి నా చేతిలోకి వచ్చేసింది.

సార్ "విసర్జన పద్ధతి" అని మొదలుపెట్టబోయారు.

"తిత్తులు ఎప్పుడన్న తీసినవారా?" అంది మేడం, నాకు మాత్రమే వినిపించేలా. మైకు నా చేతిలోనే ఉందన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఆ మాట ఊరవతలికి కూడా వినిపించింది.

"లేదు మేడం" అన్నాను. అది కూడా వినిపించింది.

ఇక దాచడానికి ఏముంది. లచ్చుబాయి పెద్దమ్మ వైపు తిరిగాను. "పెద్దమ్మా, నేనేం చెయ్యలే. ఒక్క పువ్వు ముట్టలే. ఊరికె కవర్లు తొడిగిన, సార్‌ని ఆటపట్టిద్దామని. గా గ్లాసుల ఉన్నయి నీ బన్సీ గింజలే. పోయినేడు నువ్విచ్చినయే. నీ రెండు సంచులు తీసుకోని, నీ గింజలే నీకు గ్లాసెడిస్తున్నం."

ప్రతి వక్త తర్వాతా చప్పట్లు కొట్టాలని పొద్దునే చెప్పి ఉంచడంతో, వెనక వరసల వాళ్ళు కొట్టారు.

సార్ లేచారు. "ఇది మహానుభావులకుండే వినమ్రత! తన కృషిని తానే తిరస్కరించడం..."

లచ్చుబాయి పెద్దమ్మ ఆయన మాట వినలేదు. గ్లాసుని చూసింది. గింజల్ని చెంగులో పోసుకుని, ముడేసి, ఖాళీ గ్లాసు వేదిక మీద పెట్టింది. తర్వాత లారీ దగ్గరికి నడిచి, వెనక తలుపు మీద అరచేత్తో కొట్టింది.

"ఏయ్, ఆపు! నా సంచులు దించు."

"అప్పగించిన విత్తనాన్ని తిరిగి ఇచ్చేందుకు నిబంధన లేదు!" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇచ్చేందుకు లేకపోతే నేను తీసుకునేందుకుంటదేమో, చూడు" అందామె. ఆమె వెనకే మిగతా రైతులు లేచారు. కుర్చీలు జరిగిన చప్పుడుకి పెద్దాఫీసరు గారికి హైదరాబాద్‌లో అర్జెంటు పని గుర్తొచ్చింది.

హమాలీలు పక్కకి తప్పుకున్నారు. ఎవరూ చెప్పకుండానే నేను లారీ ఎక్కాను. ఆమె సంచులు రెండూ అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. మీదివన్నీ ఒక్కొక్కటే దించి, ఎవరివి వాళ్ళకిచ్చి, చివరికి అవి భుజానెత్తుకుని దిగేసరికి నా మెత్త చేతులు బొబ్బలెక్కాయి. రెండో సంచి ఆమె ఎడ్లబండిలో దింపాను. వేపాకు వాసన వచ్చింది.

ఆమె సంచి మూతి విప్పి, చెంగులో గింజలు అందులో పోసి, మళ్ళీ కట్టింది. రుక్సానా మేడం పక్కనే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"నా మీద ఒట్టు పెట్టినవ్" అంది పెద్దమ్మ.

"పెట్టిన."

"ఇంకేమన్న అబద్ధాలున్నయా కడుపుల? ఉంటే ఇప్పుడే కక్కు. పదును ఆరకముందు పోయి చల్లుకోవాలె నేను."

అబద్ధం చెప్పడానికి నోరు తిరగలేదు. ఎంత ప్రయత్నించినా తిరగలేదు.

"ఒక్కటున్నది పెద్దమ్మా" అన్నాను. "వానాకాలంల వేరే కేంద్రాలోళ్ళు యాభై మందొచ్చిన్రు, నా హస్తవాసి నేర్చుకుందామని. అందరికీ నేర్పిన."

"ఏం నేర్పినవ్?"

"కవర్లు తొడుగుడు."

రుక్సానా మేడం ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్కొక్కరికే చెయ్యి. నేనిక్కన్నే నిలబడ్త."

మొదటి నంబరు కొట్టాను. అటువైపు ఎవరో "గురువుగారూ!" అని సంతోషంగా అరిచారు. వాళ్ళ ఏసీ గది కుండీల్లో కూడా కంకులన్నీ నిండుగా వచ్చాయట.